సదస్సులో చదువు

శిశుకేంద్రిత విద్య మీద జరిగే సదస్సులను ఎగతాళి చేయడం మరీ తేలికైపోయింది. అక్కడ చెప్పేదేదీ ఆచరణలో కనబడదంటారు. చూడకుండా అనే మాట ఇది. సమ్మిళిత (అంటే ఎవరినీ వదలక అందరినీ కలుపుకునే), వినూత్న, శిశుకేంద్రిత విద్య ఈ భూమ్మీద ఎక్కడైనా తు.చ. తప్పకుండా అమలవుతోందంటే, అది ఆ సదస్సు జరిగే హాల్లోనే. శిశువు వయసు నలభై దాటి ఉంటుంది, అంతే తేడా.

పదింటికన్న సభకు పదకొండింటికి వచ్చినవారిని ఎవరూ గుమ్మం బయట నిలబెట్టరు. ఒక్కొక్కరిది ఒక్కో వేగమని నిర్వాహకులకు తెలుసు. మధ్యలో బయటికి వెళ్లాలంటే వేలు చూపించి అనుమతి అడగక్కర్లేదు. పక్కవారితో గుసగుసలాడితే బెంచీ ఎక్కించరు సరికదా, తోటివారి నుంచి నేర్చుకోవడమని దానికి పేరు పెట్టారు. కునికిపాట్లు పడేవారి మీద సుద్దముక్క విసరరు. ముందు వరుసలోని పెద్దమనిషి కళ్లు మూసుకున్నారంటే లోతుగా ఆలోచిస్తున్నట్టే లెక్క. ఇక సాయంత్రానికి పరీక్ష గిరీక్ష లేకుండా అందరికీ ధ్రువపత్రాలు. పొద్దున సంతకం పెట్టి వెళ్లిపోయినవారివి స్నేహితుల చేతికిచ్చి పంపుతారు. ఒక్కరినీ వెనక వదలని వ్యవస్థ ఇంతకంటే ఎలా ఉంటుంది?

భోజనాలయ్యాక బృంద కార్యక్రమం. ఐదారుగురికి ఒక చార్టు, గుప్పెడు స్కెచ్ పెన్నులు ఇచ్చి, 'భవిష్యత్ తరగతి గదిని ఊహించండి' అంటారు. ఇరవయ్యేళ్ల అనుభవమున్న ప్రధానోపాధ్యాయులు నేలమీద బాసింపట్లు వేసుకుని ఒక చెట్టు, ఒక సూర్యుడు, గుండ్రంగా కూర్చున్న పిల్లలు గీస్తారు. సూర్యుడికి నవ్వు మొహం కూడా పెడతారు. ప్రతి చార్టుకీ చప్పట్లు, ప్రతి చార్టుకీ గోడ మీద చోటు. వారిలో ఒకరు సోమవారం బడికి వెళ్తారు. లెక్కల పుస్తకం చివరి పేజీలో ఎవడో అచ్చం అలాంటి చెట్టే, అలాంటి సూర్యుణ్నే గీసి ఉంటాడు. వాడి తల్లిదండ్రులకు కబురు వెళ్తుంది.

కుర్చీల సంగతి కొంచెం చెప్పాలి. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో, కొత్త బోధనా పద్ధతులు పరీక్షించి చూసే 'ప్రయోగశాల పాఠశాల' పెట్టాడు. పిల్లలకు అన్నివిధాలా అనువైన బల్లలు, కుర్చీల కోసం నగరంలో దుకాణాలు వెతికాడు. ఎక్కడా సరైనవి దొరక్క అవస్థ పడుతుంటే, దుకాణదారుల్లో కాస్త తెలివైన ఒకాయన అసలు విషయం తేల్చేశాడట: మీకు పిల్లలు పని చేసుకునేవి కావాలి, ఇక్కడున్నవన్నీ వినడానికి చేసినవి. డ్యూయీ ఈ ముచ్చటను 1899 నాటి ఉపన్యాసాల్లో చెప్పాడు. (వాటినీ జనం కుర్చీల్లో కూర్చునే విని ఉంటారు, అది వేరే సంగతి.) ఆ దుకాణం మూతపడలేదనే నా అనుమానం. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి బారులు తీరిన కుర్చీలన్నీ వేదిక వైపే చూస్తుంటాయి. వేదిక మీది వక్త 'పిల్లల్ని వరుసల్లో కూర్చోబెట్టి గంటలకొద్దీ ఉపన్యాసం ఇవ్వడం హింస' అన్న విషయం మీద ముప్పావుగంటగా ఉపన్యసిస్తుంటారు.

వినూత్నం సంగతికొస్తే, నాకు సదస్సుల మీద గౌరవం పెరిగేది ఇక్కడే. బొమ్మల సాయంతో బోధన అని ఒక పత్రం సమర్పిస్తారు. పిల్లల కోసం చెక్ విద్యావేత్త కొమీనియస్ బొమ్మల పుస్తకం అచ్చయింది 1658లో. ఆటల ద్వారా నేర్పడం మరో పత్రం. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ జర్మనీలో ఆ పని మొదలుపెట్టింది 1837లో. పిల్లలు తామే జరుపుకోగల చిన్న చిన్న బల్లలు మూడో ఆవిష్కరణ. రోమ్‌లో శాన్ లొరెంజో పేటలో 1907లో తెరిచిన బాలల గృహంతో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మాంటిస్సోరి ఆ దారి పట్టింది. ఇవన్నీ పాతవేగా అని పెదవి విరిచేవారికి అసలు రహస్యం తెలియదు. వాడితేగదా పాతబడేది! పెట్టెలోంచి తీయని వస్తువును మూడున్నర శతాబ్దాలుగా కొత్తగా ఉంచిన ఘనత పెట్టెను కాపాడినవారిదే.

సమ్మిళిత విద్య మీద చర్చ రెండో అంతస్తులో. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాలు, 25 అంతర్జాతీయ సంస్థల ప్రతినిధులు కూడి, వైకల్యమున్న పిల్లలతో సహా అందరినీ మామూలు బడులే చేర్చుకోవాలని ప్రకటించారు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణంలో దాన్నొక హక్కుగా రాశారు. ఈ రెండు ముక్కలూ స్లయిడు మీద ఉంటాయి. వెనక వరుసకు ఆ అక్షరాలు ఆనవు. చెవిటివారి కోసం సైగల భాషలో చెప్పే మనిషి లేరు. పైకి వెళ్లడానికి మెట్లున్నాయి, లిఫ్టు మరమ్మతులో ఉంది. చక్రాల కుర్చీలో వచ్చిన ఉపాధ్యాయిని కిందే ఉండిపోయారు. చర్చ ముగింపులో అధ్యక్షులు 'ఎవరికైనా అభ్యంతరాలున్నాయా' అని అడిగారు. గదిలో ఉన్నవారెవరికీ లేవు. అదే నమోదైంది.

ఇంత జరిగే చోట ఒక్క పిల్లాడూ కనపడడన్నది రెండో నింద. ఇదీ అబద్ధమే, ఒకమ్మాయి ఉంటుంది. బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని 12వ అధికరణం. దాన్ని గౌరవిస్తూ ఆ అమ్మాయి 'మా గొంతు వినండి' అని మూడు నిమిషాలు మాట్లాడుతుంది. రాసింది టీచరు, దిద్దింది ప్రధానోపాధ్యాయుడు, బట్టీ పట్టించింది వారిద్దరూ. ఒకచోట తడబడితే మొదటి వరుసలోంచి గొంతు అందుతుంది. తర్వాత జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి, చదువు పాడవకూడదని వెంటనే బడికి పంపేస్తారు.

ఇన్ని సుగుణాలు పెద్దలకే పరిమితం కావడం బాధాకరం. అందుకే నాదొక ప్రతిపాదన. బడులను సంస్కరించే శ్రమ మానేసి, పిల్లలందరినీ సదస్సు ప్రతినిధులుగా నమోదు చేసుకుంటే సరి. మెడలో ట్యాగు, చేతిలో ఫోల్డరు ఉంటే చాలు, ఎప్పుడు లేచి ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు. గీసిన ప్రతి చెట్టూ గోడకెక్కుతుంది.

ఈ మాట నిర్వాహకుల చెవిన వేస్తే వారు చాలా సానుకూలంగా విన్నారు. ఒక్క చిక్కే ఉందన్నారు. చివర్లో ప్రశ్నలకని ఐదు నిమిషాలు ఇస్తారు కదా, పెద్దలు ఆ సమయాన్ని చాలా పద్ధతిగా వాడుకుంటారట. మైకు అందుకుని 'ప్రశ్న కాదు, చిన్న పరిశీలన' అని మొదలుపెట్టి, తమ బడి విజయాలు ఏకరువు పెట్టి కూర్చుంటారు. పిల్లలకు మైకు ఇస్తే ప్రశ్నలే అడుగుతారని వారి భయం.