రాసుకున్న మాట మళ్ళీ దొరకాలి

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట కాసేపు కూర్చుంటే, బల్ల మీద పుస్తకం, పక్కన నోటుబుక్కు, రెండింటి నడుమ ఫోను పెట్టుకుని చదువుకునేవారు కనిపిస్తారు. నచ్చిన వాక్యాన్ని ఫోనుతో ఫొటో తీసుకుంటారు. దాని మీద తోచిన ఆలోచనను నోటుబుక్కులో రాస్తారు, లేదా వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. నెల తిరిగేసరికి ఆ ఫొటో గ్యాలరీలో అడుగున పడిపోతుంది, రాత ఒకచోట, ఆ రాతను పుట్టించిన వాక్యం ఇంకొకచోట ఉండిపోతాయి. చదువుకోవడానికీ, చదువుతూ సొంత ఆలోచనలు రాసుకోవడానికీ కలిపి ఒక తెలుగు యాప్ తయారు చేయదలచినవారు మొదట ఈ బల్లల దగ్గరికి రావాలి. రాసుకోవడం ఎంత సులువుగా ఉందన్నది చిన్న విషయం, రాసుకున్నది ఏడాది తర్వాత దొరుకుతుందా అన్నదే అలాంటి యాప్‌కు అసలైన పరీక్ష అని నా నమ్మకం.

ఈ నమ్మకం నాకు అనుభవం మీద కలిగింది. తీరప్రాంత జీవితం మీద ఒక వ్యాసం రాస్తూ, రెండేళ్ళ కిందట రాసుకున్న నోటు ఒకటి గుర్తొచ్చి ఫోనులో ‘సముద్రం’ అని వెతికాను. ఒక్కటీ రాలేదు. ఒక్కొక్క నోటూ తిప్పుకుంటూ పోగా చివరికి కనిపించింది: ‘జాలారిపేట పెద్దలు సముద్రాన్ని చూసి వేటకు వెళ్ళాలో మానాలో చెబుతారు. సముద్రపు రంగులో వాళ్ళు చూసే తేడా మన కంటికి ఆనదు.’ ఆ రెండు వాక్యాల్లో సముద్రం రెండుసార్లు ఉంది, కానీ ‘సముద్రం’ అన్న అక్షరాల వరుస మాత్రం లేదు. నేను వాడుతున్న యాప్ అక్షరాలను పోల్చిందే తప్ప పదాన్ని గుర్తించలేదు.

తెలుగు యాప్ రూపకల్పనలో అన్నింటికన్నా బరువైన పని ఇదే. ఇల్లు అనే మాట ఇంటికి, ఇంట్లో, ఇళ్ళలో అని మారుతుంది. రాయి కాస్తా రాతి, రాళ్ళు అవుతుంది. ఇ, టి, తి అనేవి ఔపవిభక్తికాలని, అంటే విభక్తి చేరే ముందు పదం చివర వచ్చే మార్పులని, బడిలో వల్లెవేసిన వ్యాకరణమే ఇక్కడ యంత్రానికి నేర్పవలసి ఉంటుంది. దానికి తోడు సంధి ఉంది: ‘సముద్రమంటే’ అని రాసుకున్నా నా వెతుకులాటకు చిక్కేది కాదు. ఒకే మాటను ఒకరు ‘ఇళ్ళు’ అనీ మరొకరు ‘ఇళ్లు’ అనీ రాస్తారు, రెండూ చలామణిలో ఉన్నవే. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో ట కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక విడదీత గుర్తును చేర్చి కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. మనకు అది ఒకే పదం, యంత్రానికి రెండు. తెలుగు పదరూప విశ్లేషణ మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా పని జరిగింది కాబట్టి అంతా మొదటి నుంచి కట్టుకోవలసిన అవసరం లేదు. అయినా యాప్ తయారీదారులు రంగుల మీదా బొమ్మల మీదా పెట్టే శ్రద్ధలో సగమైనా వెతుకులాట మీద పెట్టడం నేను చూడలేదు.

లిపి దగ్గర కూడా ఇలాంటి అజాగ్రత్తే కనిపిస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించడానికి వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు. వేలితో వాక్యాన్ని ఎంచుకునేటప్పుడు ఆ ఆరింటి మధ్యలో ఎక్కడా తెగకూడదు. సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో గానీ చేరలేదు. అంతకు ముందు, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో కూడిన ఒక తెలుగు అక్షర సముదాయం కనబడగానే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోతే, ఆపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. తెలుగును చివర్లో పరీక్షిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. ఇక అక్షరాల కింద గీత గీసే పద్ధతి మనకు పనికిరాదు, ఆ గీత సరిగ్గా ఒత్తుల మీదుగా పోతుంది. పెన్సిలుతో చదివే మన పెద్దలు పేజీ అంచున నిలువు గీత పెట్టేవారు. తెర మీద కూడా అదే బాగుంటుంది.

గీత పెట్టడంతో పని అయిపోయిందనిపించడం మరో ఇబ్బంది. చదువుకునే పద్ధతులు పదింటిని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో సమీక్షించి, గీతలు పెట్టుకోవడాన్ని తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేర్చింది. కనుక వాక్యాన్ని గుర్తించగానే దాని పక్కన ఖాళీ చోటు తెరుచుకోవాలి, చదివేవారు అందులో సొంత మాట ఒక్కటైనా రాసుకునే వీలుండాలి. ఒక నోటును మరొక నోటుకు ముడివేసే సదుపాయం సృజనకు ప్రాణం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 చీటీలను అంకెలతో ఒకదానికొకటి కలుపుకుని, వాటి ఆధారంగానే జీవితాంతం రచనలు చేశాడు.

ఆ సొంత మాట ఏ మాండలికంలో ఉన్నా యాప్ వేలు పెట్టకూడదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ ఊరి మనుషుల మాటను కథల్లోకి తెచ్చి అచ్చులో నిలబెట్టారు. ఆ కథలు చదివిన కుర్రవాడు ‘సెప్పినాడు’ అని రాసుకుంటే కీబోర్డు దాన్ని ‘చెప్పినాడు’గా దిద్దడం దిద్దుబాటు కాదు, చెరిపివేత. అదే సమయంలో ‘చెప్పు’ అని వెతికినా ఆ నోటు రావాలి.

నోటును పేజీ సంఖ్యకు కట్టకూడదు, అక్షరం పరిమాణం పెంచగానే పేజీలు మారిపోతాయి. ఎంచుకున్న వాక్యాన్నీ, దానికి ముందూ వెనకా ఉన్న కొన్ని మాటలనూ కలిపి గుర్తుపెట్టుకునే విధానాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017లోనే ప్రమాణంగా ప్రకటించింది. పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా స్కాన్ చేసిన బొమ్మలుగానే అందుతున్నాయి కాబట్టి, బొమ్మలోని భాగానికి కూడా నోటు అతికించే ఏర్పాటు ఉండాలి.

నోట్లు మొదట ఫోనులోనే భద్రమై, నెట్‌వర్కు ఉన్నప్పుడు సర్వర్‌కు చేరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటాక కరెంటూ సిగ్నలూ లేక రోజులు గడిపిన ఊరికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. యాప్ మూతపడినా మామూలు టెక్స్ట్ ఫైలుగా అన్నీ బయటికి తీసుకునే హక్కు చదివేవారికి ఉండాలి.

ఇవన్నీ కుదిరాయో లేదో తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పౌర గ్రంథాలయంలో క్రమం తప్పకుండా చదివే పదిమందికి యాప్ ఇచ్చి, ఆరు నెలలు వాడనిచ్చి, తర్వాత ఒక ఉదయం అదే బల్లల దగ్గర కూర్చోబెట్టాలి. మొదటి నెలలో రాసుకున్న నోటు ఒకదాన్ని, గుర్తున్న మాటతోనే, ఏ రూపంలో గుర్తుంటే ఆ రూపంలోనే వెతకమనాలి. ఎందరికి దొరికిందో రాసుకుని, దొరకనివారు టైపు చేసిన మాటలను తయారీదారులు తమతో తీసుకువెళ్ళాలి.