వేలికి తెలుసు, మామయ్యగారికి తెలియదు

ఆండ్రాయిడ్ ఫోనుకు సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు లోపల జరిగే పని యజమానికి దాదాపుగా కనబడదు. 2016లో విడుదలైన ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏర్పాటు ప్రకారం చాలా ఫోన్లలో సిస్టమ్‌కు రెండు చోట్లు ఉంటాయి; ఒకదానిలో మనం మామూలుగా పని చేసుకుంటూ ఉండగానే కొత్త సరుకంతా రెండవదానిలోకి చేరిపోతుంది, ఇక మిగిలేది రీస్టార్ట్ ఒక్కటే. ఆ రీస్టార్ట్‌కు తెల్లవారుజామున ముహూర్తం పెట్టడంలో, ఆ వేళకు మనుషులందరూ నిద్రలో ఉంటారన్న నమ్మకం కనిపిస్తుంది. ఆ నమ్మకం గలవారికి రాజమహేంద్రవరంలోని మా మామయ్యగారు తెలియదు. నాలుగున్నరకు లేచి, ఐదు కొట్టేలోగా బంధువర్గంలోని సమస్త వాట్సాప్ గ్రూపులకూ శుభోదయం పంపి, ఆ తరువాత గోదావరి గట్టుకు నడకకు బయలుదేరడం, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాటి నుంచి ఆయన తప్పని నియమం.

మొన్న సంక్రాంతికి మేము అక్కడ ఉండగా, ముక్కనుమ నాటి తెల్లవారుజామున హాల్లో ఎవరూ ఎరుగని గంట ఒకటి మోగడం మొదలుపెట్టింది. "అల్లుడుగారూ, మీ ఫోను మోగుతోంది, చూసుకోండి" అని మామయ్యగారు పక్క గదిలో నుంచి కేకేశారు. మోగుతున్నది ఆయన ఫోనే. మా పెళ్ళిలో తానే రికార్డు చేసిన సన్నాయిని అలారంగా పెట్టుకున్న మనిషికి ఆ గంట తనదని ఎలా తెలుస్తుంది? రీస్టార్ట్ అయిన ఫోనులో ఒకసారి పిన్ను కొట్టేదాకా యజమాని సొంత ఫైళ్ళు ఎన్‌క్రిప్షన్ తాళంలో ఉండిపోతాయి. అలారం మోగడానికి మాత్రం అనుమతి ఉంది కాబట్టి, సన్నాయి అందని ఫోను తన దగ్గరున్న గంటనే కొట్టింది.

మామయ్యగారు బొటనవేలు ఆనించారు, ఫోను ఒప్పుకోలేదు. వేలిని సబ్బుతో కడిగి, తువ్వాలుతో తుడిచి మళ్ళీ ఆనించారు. ఏటా జీవన్ ప్రమాణ్‌లో తాను బతికే ఉన్నానని ప్రభుత్వాన్నే నమ్మించిన వేలు అదని ఫోనుకు గుర్తుచేశారు. రీస్టార్ట్ తరువాత మొదటిసారి వేలిముద్ర చెల్లదనీ, పిన్నే కొట్టాలనీ నేను మనవి చేశాను.

నిజానికి పిన్ను ఆయనకు కొత్తది కాదు. చాలా ఫోన్లు 72 గంటలకొకసారైనా దానిని అడుగుతాయి, ఆయన కూడా ఎవరితోనో మాట్లాడుతూనో, పేపరు చదువుతూనో దానిని కొట్టేస్తూనే ఉన్నారు. అయితే అప్‌డేట్ పుణ్యమా అని ఆ రోజు అంకెలు గుండ్రటి గడుల్లో, ఇంతలేసి లావున ప్రత్యక్షమయ్యేసరికి ఆయన వాటిని మొట్టమొదటిసారిగా శ్రద్ధగా చూశారు. చూడగానే పిన్ను మరచిపోయారు.

"మన పెళ్ళి తారీఖు కొట్టి చూడండి" అన్నారు అత్తయ్యగారు. ఆయన ఏదో కొట్టారు. అది పిన్ను కాదని ఫోను అంది, అది మన పెళ్ళి తారీఖే కాదని అత్తయ్యగారు అన్నారు. ఆ చర్చ కొంతసేపు సాగాక పిల్లల పుట్టినరోజులు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం వరుసగా అయ్యాయి. 5 సార్లు తప్పేసరికి 30 సెకన్లు ఆగమని ఫోను ఆదేశించింది. సూపరింటెండెంటుగా జీవితమంతా ఇతరులను ఆగమన్న మనిషికి అది మింగుడు పడలేదు.

ఇంతలో శుభోదయం రాలేదన్న ఆందోళనతో బంధువులు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. రీస్టార్ట్ తరువాత ఇంకా ఒక్కసారీ తాళం తీయని ఫోనులో కాల్ వస్తుంది, ఎత్తి మాట్లాడవచ్చు, కానీ కాంటాక్టులు కూడా ఆ తాళంలోనే ఉంటాయి గనుక పేరు కనబడదు, ఒట్టి నంబరే కనబడుతుంది. మామయ్యగారి లెక్కలో పేరు లేని నంబరు అంటే అప్పు అంటగట్టేవారిదే. "నమస్కారమండీ, ఒక్క నిమిషం మాట్లాడవచ్చా" అని అడిగిన ఒక పెద్దమనిషిని, పొద్దున్నే పాపిష్టి వ్యాపారం చేసుకునే కన్నా గోదావరిలో దూకడం మేలని మొదలుపెట్టి, ఆయన వంశం దాకా వెళ్ళి వచ్చారు. వరండాలో కాఫీ తాగుతున్న నేను ఆ తిట్లలోని నుడికారాన్ని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

ఎనిమిది గంటలకు సలహాదారులు వచ్చారు. పక్కింటి పిన్నిగారు ఫోనును బియ్యంలో పెట్టమన్నారు. పండుగకు వచ్చిన పై వాటా సాఫ్ట్‌వేర్ అబ్బాయి, 2021 మార్చిలో, యాప్‌లలో వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన అప్‌డేట్ వల్ల యాప్‌లు తెరిచీ తెరవగానే మూతపడిపోయిన ఉదంతాన్ని గుర్తుచేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ వెబ్‌వ్యూ అప్‌డేట్లను తీసేయమన్నాడు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నవాడికి బీరువా సర్దుకోమని చెప్పినట్టుంది ఆ వైద్యం. వీధి చివరి మొబైల్ షాపు కుర్రవాడు మాత్రం రీసెట్ చేస్తే ఫోను కొత్తదానిలా వచ్చేస్తుందని పూచీ ఇచ్చాడు. అందులోని ఫోటోలన్నీ పోతాయనీ, పైగా అలా బయటి నుంచి రీసెట్ చేసిన ఫోను పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డు అడుగుతుందనీ నేను అడ్డుపడ్డాను. ఆ పాస్‌వర్డు పెట్టినవాడు డాలస్‌లో ఉన్న మా బావమరిది. అది అతడికి గుర్తుండి ఉంటుందన్న భరోసా ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అప్పుడు అత్తయ్యగారు వంటింట్లో నుంచి వచ్చి, చాలా మామూలుగా, "ఏమండీ, గ్యాస్ బుక్ చేశారా? చెప్పి వారమైంది" అన్నారు.

"మొన్ననే చేశాను, ఎన్నిసార్లు చెప్పాలి? కావాలంటే ఇదిగో చూడు" అంటూ మామయ్యగారు విసురుగా ఫోను అందుకుని, ఆమె వైపే చూస్తూ, టకటకా నాలుగు నొక్కులు నొక్కి, తెరుచుకున్న ఫోనును ఆమె ముందు పెట్టారు. గది నిశ్శబ్దమైంది. గ్యాస్ బుక్ కాలేదన్న సంగతి కూడా ఆ విధంగానే బయటపడింది. అది అత్తయ్యగారి ఉపాయమో, నిజంగానే సిలిండర్ అయిపోవచ్చిందో నేటికీ తేలలేదు.

"ఇప్పుడు ఏ అంకెలు నొక్కారండీ?" అని ఆత్రంగా అడిగాను.

"నేను చూడలేదు బాబూ" అన్నారాయన.

కాంటాక్టులు తిరిగి రావడంతో కాల్ లాగ్‌లోని నంబర్లకు పేర్లు వచ్చాయి. పొద్దున తిట్లు తిన్న పెద్దమనిషి పేరు చోట "బావగారు, తణుకు" అని ఉంది. అంటే మా నాన్నగారు. మామయ్యగారు నా ముఖం చూశారు, నేను కాఫీ గ్లాసు చూశాను. ఆయన వెంటనే ఫోను చేసి, అప్‌డేట్ కథంతా చెప్పి, తప్పు కాయమని వేడుకున్నారు.

"దానికేముందిలెండి బావగారూ" అన్నారు నాన్నగారు స్పీకరులో. "నేను చేసింది కూడా ఆ పని మీదే. నా ఫోనులోనూ అప్‌డేట్ సిద్ధంగా ఉంది, రీస్టార్ట్ చేయమంటారా అని అడుగుతోంది. మీకు ఇలాంటివి బాగా తెలుసు కదా, నొక్కమంటారా, వద్దంటారా?"

మామయ్యగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆఫీసు నాటి గొంతు తిరిగి వచ్చింది. "నిరభ్యంతరంగా నొక్కండి బావగారూ. నొక్కే ముందు మాత్రం మీ పిన్ను ఎంతో ఒక్కసారి గుర్తు చేసుకోండి."

అవతల చాలాసేపు మాట లేదు.

"ఇంతవరకూ గుర్తుండేదండీ" అన్నారు నాన్నగారు.