వాన నీటికి బిల్లు ఎవరు కట్టాలి?

శివారు నగరాల్లో ఇళ్లు ఒక్క ఊపున లేస్తాయి. లేఅవుట్ వేసిన రెండు మూడేళ్లలోనే రోడ్డు, మంచినీటి గొట్టం, వాన నీటి కాలువ అన్నీ పడతాయి కాబట్టి, నలభై యాభై ఏళ్ల తర్వాత అన్నీ కలిసే శిథిలమవుతాయి. ఈలోగా పెరళ్లు గచ్చులవుతాయి, వాకిళ్లలో కార్లకు షెడ్లు వెలుస్తాయి, ఎగువన కొత్త కాలనీలు వస్తాయి. ఒక రాత్రి కుండపోత కురిసి నాలుగు వీధుల్లో నీళ్లు ఇళ్లలోకి చేరితే గానీ ఈ సంగతి కౌన్సిల్ ఎజెండాకు ఎక్కదు. ఎక్కిన తర్వాత కన్సల్టెంటు నివేదిక, పనుల జాబితా, గ్రాంటుకు దరఖాస్తు, మిగిలిన దానికి బాండ్లు వరసగా నడిచిపోతాయి. ఇందులో ఇంజనీరింగ్ పొరపాట్ల కంటే డబ్బు ఎవరి దగ్గర, ఏ లెక్కన వసూలు చేయాలన్న దగ్గర జరిగే పొరపాట్లే ఎక్కువ కాలం బాధిస్తాయని నా అభిప్రాయం.

ముందుగా కౌన్సిల్ తేల్చుకోవలసింది, ఎంత వానకు కాలువ కట్టాలన్నది. ‘పదేళ్ల వాన’ అంటే పదేళ్లకొకసారి వచ్చే వాన అని సభ్యులే అనుకుంటూ ఉంటారు. నిజానికి అది ఏ ఏడాదిలోనైనా 10 శాతం అవకాశం ఉన్న వాన. ముప్పై ఏళ్ల గడువుతో బాండ్లు అమ్మి, ఆ స్థాయికి గొట్టం వేస్తే, అప్పు తీరేలోగా అంతటి వాన లేదా అంతకు మించినది కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 96 శాతం దాకా ఉంటుంది. ‘వందేళ్ల వాన’కు కూడా అదే గడువులో 26 శాతం అవకాశం ఉంది. కాబట్టి గొట్టం నిండే రోజు వస్తుందని ముందే ఒప్పుకుని, ఆ రోజు నీరు ఏ దారిన పోవాలో కూడా గీసి పెట్టుకోవాలి. 2011 జూలై 2న కోపెన్‌హేగెన్‌లో సుమారు రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల దాకా వాన పడి నగరం మునిగాక, ఆ మరుసటి ఏడాది వేసిన ప్రణాళికలో కొన్ని రోడ్లనూ పార్కులనూ వరద తాత్కాలికంగా పారడానికీ నిలవడానికీ అనువుగా మలచాలని నిర్ణయించారు. అంతటి వానకు సరిపడా గొట్టాలే వేయాలంటే అయ్యే ఖర్చు తలకు మించిన భారం.

రెండోది పనుల వరస. 45 సెంటీమీటర్ల గొట్టం తీసి 60 సెంటీమీటర్లది వేస్తే, వాలు అదే అయినా, దాని సామర్థ్యం రెట్టింపు దాటుతుంది. మునిగిన వీధివాళ్లు గట్టిగా అడిగారని ముందు అక్కడే ఈ పని చేస్తే, దిగువన ఉన్న పాత గొట్టానికి అదే సమయంలో రెట్టింపు నీళ్లు చేరి, నిన్నటిదాకా పొడిగా ఉన్న ఇల్లు మునుగుతుంది. అందుకే పని దిగువ నుంచి ఎగువకు సాగాలి. మొరపెట్టుకున్నవాళ్ల వంతు రెండో విడతలోనో మూడో విడతలోనో వస్తుందని చెప్పడం ఏ ప్రజాప్రతినిధికైనా కష్టమే. పైగా నీరు పల్లమెరుగుతుంది గానీ పురపాలక సరిహద్దు ఎరగదు. చివరి కల్వర్టు పక్క ఊరి పరిధిలో ఉంటే వాళ్లతో ఒప్పందం కుదరనిదే టెండరు పిలవకూడదు.

ఇక డబ్బు. మామూలుగా ఈ ఖర్చు ఆస్తి పన్ను నుంచే వెళుతుంది. ఆస్తి విలువకూ, ఆ స్థలం నుంచి కాలువలోకి వచ్చే నీటికీ సంబంధం అంతంతమాత్రమే. 1 మిల్లీమీటరు వాన 1 చదరపు మీటరు మీద 1 లీటరు నీరు. 50 మిల్లీమీటర్లు పడితే 200 చదరపు మీటర్ల కప్పు నుంచి దాదాపు 10,000 లీటర్లు దిగుతాయి. పచ్చిక నేల అందులో చాలా భాగం ఇంకించుకుంటుంది, తారు దాదాపు అంతా తోసేస్తుంది. రెండెకరాల పార్కింగ్ స్థలం ఉన్న గోదాము, పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, తోట మధ్య ఉన్న చిన్న ఇల్లు, ఈ మూడింటిలో కాలువకు ఎక్కువ పని చెప్పేది ఎవరో చూస్తే చాలు, పన్ను లెక్క ఎంత వంకరగా ఉందో తెలుస్తుంది. అమెరికాలో సియాటెల్ శివారైన బెల్‌వ్యూ 1974లోనే వాన నీటి కోసం విడిగా ఒక పురపాలక విభాగాన్ని పెట్టి, స్థలం విస్తీర్ణాన్నీ అక్కడి నిర్మాణ సాంద్రతనూ బట్టి రుసుము వేసింది. బెర్లిన్‌లో నీరు ఇంకని విస్తీర్ణాన్ని కొలిచి మురుగునీటి బిల్లు నుంచి విడదీసి రుసుము తీసుకుంటారు. నీటిని స్థలంలోనే ఇంకించుకునేవారికి ఆ మేరకు తగ్గుతుంది. నాకు ఈ పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది.

అయితే దీనికి పేరు పెట్టే పని ప్రత్యర్థులకు వదిలేస్తే ఏమవుతుందో అమెరికా రాష్ట్రం మేరీలాండ్ చూపించింది. 2012లో కొన్ని పెద్ద కౌంటీలకూ బాల్టిమోర్ నగరానికీ ఈ రుసుము తప్పనిసరి చేస్తే, అది ‘వాన పన్ను’గా ప్రచారంలోకి వెళ్లి, 2015లో ఆ నిర్బంధాన్ని తొలగించాల్సి వచ్చింది. మొదటి బిల్లుతో పాటే ఆ ఇంటి పైకప్పు, గచ్చు కొలతలు వేసిన పటం పంపి, అభ్యంతరాలకు గడువు ఇస్తే గొడవ కొంత తగ్గుతుంది.

రుసుము వల్ల ఇంకో లాభం, అది ఏటా వస్తుంది. గ్రాంటు, బాండు సొమ్ము గొట్టం వేయడానికే గానీ దాన్ని శుభ్రం చేయడానికి ఉండదు. కోట్లు పోసి వేసిన గొట్టం నోటిదగ్గర ఇనుప జాలీ ఉంటుంది. తొలకరికి ముందు దాని మీద ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ సంచి, కాస్త ఇసుక చేరితే, సగం వీధి నీరు లోపలికి దిగకుండా పక్కనుంచి పోయి పల్లంలోని గేటు కింద నుంచి లోపలికి వెళుతుంది. ప్రణాళిక పత్రాల్లో ఆ జాలీలను ఏడాదికి ఎన్నిసార్లు తీసి శుభ్రం చేయాలో, ఎందరు మనుషులు కావాలో, ఆ జీతాలు ఏ ఖాతా నుంచి వెళతాయో రాసిన పేజీ కోసం ముందు వెతకాలి. చాలా నివేదికల్లో అది అనుబంధంలో ఒక వరుస.