చలికాలం సెలవులో ఉన్న బండి గారికి

మహారాజశ్రీ బండి గారి సముఖానికి,

ఒడిశా కొండల్లోని సెమిలిగుడ నుంచి, అంటే తమరి పక్క గదిలోంచి, తమరి కాపలా మావయ్య రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ముక్కులు కారుతూ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. డిసెంబరులో ఈ ఇంట్లో పొడిగా, వెచ్చగా, దుమ్ము అంటకుండా ఉన్న ప్రాణి తమరొక్కరే.

మర్యాద ఇంతటితో చాలు, ఇక నువ్వు అనే అంటాను. నీ పాత ఆయిల్ దింపి, చేతులు సర్ఫుతో మూడుసార్లు కడుక్కున్నవాడికి ఆ మాత్రం చనువుండాలి.

మా మేనల్లుడు కెనడా వెళ్తూ "మావయ్యా, బండి జాగ్రత్త" అని నిన్ను మా వరండాలో దింపిపోయాడు. నవంబరు వచ్చిందంటే అక్కడివాళ్లు బళ్లను మూలపెట్టి నిద్రపుచ్చుతారట. వాళ్ల బాధ వాళ్లది. అక్కడ మంచు పడుతుంది, దాన్ని కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు చైన్నీ రిమ్ముల్నీ కొరుక్కు తింటుంది. మా కొండల మీద రోడ్లకి ఉప్పేమిటి? ఒకప్పుడు ఉప్పు కోసమే జనం కొండ దిగి సంతకొచ్చేవారు. రోడ్డు మీద ఎవడైనా ఉప్పు చల్లుతూ కనిపిస్తే మా ఆవిడ చేట పట్టుకుని వెనకాలే నడిచేది. చలి లేదనను. రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. కానీ తెల్లారి తొమ్మిదింటికల్లా ఎండొచ్చి వీపు కాస్తుంది. ఇంత చిన్న సంగతి వాట్సాప్‌లో అక్కడిదాకా చేరదు. అక్కడినుంచి మాత్రం అన్నీ చేరతాయి.

నిన్ను ఇక్కడా అలాగే నిద్రపుచ్చమని మేనల్లుడి ఆజ్ఞలు. మొదటిది, ఫుల్ ట్యాంకు. సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలో తేమ నీరుగా మారి, ఇనుప ట్యాంకు తుప్పు పడుతుందట. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్, దానికి నీళ్లంటే మహా దాహం. సరే, పోయించాను. కదలని నీకు ఫుల్ ట్యాంకు, రోజూ కూరగాయలు మోసే నా స్కూటీకి వంద రూపాయలు. తర్వాత కార్బురేటర్ కింద గిన్నెలో మిగిలిన పెట్రోలు స్క్రూ వదులు చేసి దింపాను. వదిలేస్తే జిగురులా మారి జెట్లు, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రాలు, మూసుకుపోతాయి. ఇది నిజమేనని ఒప్పుకుంటున్నా, మా బావమరిది మోపెడ్ ఆ జబ్బుతోనే పోయింది. కొత్త ఆయిల్ పోశాను. చైన్ తుడిచి నూనె పట్టించాను. చక్రాలు నేలకి ఆనకుండా సెంటర్ స్టాండు వేసి ముందువైపు చెక్క దిమ్మ పెట్టాను. నాకేమో మోకాళ్ల నొప్పులు, నాకింద దిమ్మ పెట్టే నాథుడు లేడు.

ఎలకల సంగతి మాత్రం కెనడా వాడికన్నా మాకే ఎక్కువ తెలుసు. కొత్త చోళ్లు బస్తాల్లోకెక్కే కాలమిది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో దూది పరుపు వేసుకుని పిల్లల్ని పెట్టే ఎలక నీ గుమ్మం ముందే తిరుగుతోంది. అందుకని సైలెన్సర్‌లో పాత లుంగీ ముక్క కుక్కి, చుట్టూ కలరా ఉండలు పోశాను. ఇప్పుడు వరండా అంతా పెట్టెలోంచి తీసిన పట్టుచీర వాసన. లుంగీ ముక్క కుక్కిన సంగతి మర్చిపోకూడదని గోడ మీద బొగ్గుతో రాశాను. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుందని గాలాడే గుడ్డ కప్పమన్నాడు. ఇంట్లో గాలాడే గుడ్డ అంటే మా అమ్మ కుట్టిన బొంత ఒక్కటే. అది నీ మీద ఉంది. నేను దుప్పట్లో ముడుచుకుంటున్నాను.

అన్నిటికన్నా బ్యాటరీది మరీ వైభోగం. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పి, దాన్ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి దేవుడి గదిలో పీట మీద కూర్చోబెట్టాను. ఆదివారం వస్తే ఫోను. "మావయ్యా, ఎంతుంది?" మీటరు పెట్టి చూస్తాను. 12.6 వోల్టులు. "గుడ్ మావయ్యా." అంతే, పెట్టేస్తాడు. నా బీపీ 150 దాటింది. అది అడిగితే మీటరు నా దగ్గర కూడా ఉంది.

జంక్షన్‌లో మెకానిక్‌దేమో వేరే శాస్త్రం. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచండి బాబూ, లేకపోతే పట్టేస్తుంది" అంటాడు. మేనల్లుడు "వద్దు మావయ్యా, ఐదు నిమిషాలకి ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆ తేమంతా ఆయిల్లో, సైలెన్సర్‌లో మిగిలిపోతుంది" అంటాడు. ఇద్దరి మాటా పోకుండా మా మనవడు నీ మీదెక్కి నోటితోనే డుగ్గుడుగ్గుమని ఐదు నిమిషాలు తోలుతున్నాడు. ఇంతవరకూ ఏమీ పట్టెయ్యలేదు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రాంతంలో బండి తోలినవాడిదే భాగ్యం. పొట్టంగి దాటి దేవమాలి కొండ ఎక్కితే, 1672 మీటర్ల ఎత్తున మబ్బులు మన చెప్పుల కింద ఉంటాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్లో గుంపులుగా వచ్చి మా ఇంటిముందు నుంచే బర్రుమని పోతుంటారు. అప్పుడు నువ్వు బొంత కింద నిద్ర. వానాకాలంలో, సాలూరు ఘాట్‌లో ముందున్న లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనపడని జులైలో, మేనల్లుడు సెలవులకి దిగి నిన్ను బురదలో ముంచి తేల్చి, స్టోరీలు పెట్టుకుని విమానం ఎక్కుతాడు. ఎండలో పడక, వానలో చాకిరీ. ఇలాంటి ఉద్యోగం నీకొక్కదానికే ఉంది.

నువ్వు కదలకపోవడంలో ఒక్క లాభం ఉందని ఒప్పుకోవాలి. నీది ఆంధ్రా నంబరు, కాపురం ఒడిశాలో. 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు వేయించాలి. అడిగితే ఏం చెప్పను? 1936లో ఒడిశా ఏర్పడేదాకా మాదీ విశాఖపట్నం జిల్లాయే అంటే చలానా రాసేవాడు ఊరుకుంటాడా? పక్కనే కొటియా ఊళ్లు ఏ రాష్ట్రానివో తేలక 1968 నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. నీ వంతు వచ్చేసరికి నీ టైర్లు మట్టైపోతాయి.

ఇప్పుడు అసలు విషయం. పండక్కి సాలూరులో అత్తారింటికి వెళ్లాలి. బస్సులు కిటకిట. ఇద్దరం, రెండు సంచులు, బియ్యప్పిండి డబ్బా. నా స్కూటీ ఘాట్ దిగుతుందేమో గానీ తిరిగి ఎక్కదు.

కాబట్టి రేపు తెల్లారి బ్యాటరీ బిగిస్తున్నాను. ఈసారి ముందు ప్లస్, తర్వాత మైనస్. లుంగీ ముక్క తీస్తాను, గోడ మీద రాసుంది. ఆదివారం ఫొటో అడిగితే కంగారు పడకు. మా ఆవిడ కుట్టుమిషన్ మీద బొంత కప్పి, హ్యాండిల్ కోసం అడ్డంగా గొడుగు పెట్టి చూశాను. ఎత్తు కాస్త తక్కువొచ్చింది. కింద పీట వేస్తే సరిపోతుంది. పీట ఎలాగూ ఖాళీయే కదా.

ఇట్లు,
నీ కాపలా మావయ్య

తా.క.: మీటరు రీడింగు ఆ ఆదివారం కూడా 12.6 అనే చెబుతాను.