మోసేవాడి బరువు గురించి కూడా రాయండి

క్షిపణుల మీద మీ వ్యాసంలో, కర్నూలు దగ్గర 2025 జూలైలో డ్రోన్ నుంచి యూఎల్‌పీజీఎం-వీ3 అనే గురిచూసి కొట్టే క్షిపణిని పరీక్షించారని రాశారు, సంతోషం, కానీ జవాను మోసే క్షిపణి బరువు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. మాది ఒడిశాలో బరంపురం, పక్కనే గోపాలపూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, తుపాకుల మోత వింటూనే పెరిగాం, మా తమ్ముడు ఇప్పుడు ఇన్‌ఫాంట్రీలో, అంటే కాల్బలంలో ఉన్నాడు. ట్యాంకులను కొట్టే నాగ్ క్షిపణి 40 కిలోలు దాటుతుంది, బండి ఉండాల్సిందే. అదే పనికి జవాను భుజాన మోసే ఎంపీఏటీజీఎం క్షిపణి అందులో సగం కూడా ఉండదు. అయినా లాంచరు, బ్యాటరీ, నీళ్లు, తిండి అన్నీ కలిపి కొండెక్కేది మనిషే కదండీ! ఒక మేలుంది, ఆ ఎంపీఏటీజీఎం ముక్కులోని ఇన్‌ఫ్రారెడ్ సీకర్, అంటే వేడిని చూసే కన్ను, ట్యాంకు వేడి బొమ్మను పట్టుకుంటే క్షిపణి తానే వెంటాడుతుంది, కాల్చిన జవాను వెంటనే అక్కడి నుంచి తప్పుకోవచ్చు. మా అమ్మకు ఫోన్‌లో ఇదే చెప్పాను, కాస్త టెన్షన్ తగ్గింది.