పాత అనుబంధం ఉన్నవాళ్లకు జనరల్ ఎఫెక్ట్ అప్పగించొద్దు
డ్రమ్ కోర్ అంటే బాకాలు, డ్రమ్స్ వాయిస్తూ కవాతు చేసే బృందం. ఒకప్పుడు ఒక కోర్‌లో వాయించినవాళ్లు, నేర్పినవాళ్లు పోటీల్లో దానికి మార్కులు వేయకూడదని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఆ లెక్కన ఈ పోటీలు జరిపే డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్)లో జడ్జిలే మిగలరు. స్నేర్ డ్రమ్ మోసినవాడికే కదా వరుసలో ఏ స్టిక్ తడబడిందో వినబడేది! నా భయం దొంగ మార్కుల గురించి కాదు, అలవాటైన అభిరుచి గురించి. ఏళ్ల తరబడి ఒకే శైలిలో పెరిగిన చెవికి తెలియకుండానే అదే బాగుంటుంది. బ్రాస్ (బాకాలు), పెర్కషన్ (డ్రమ్స్ వగైరా), కలర్ గార్డ్ (జెండాలు తిప్పేవాళ్లు) విభాగాల్లో 20కి వేసిన మార్కు సగమై మొత్తంలో కలుస్తుంది. జనరల్ ఎఫెక్ట్‌కు, అంటే ప్రదర్శన మొత్తంగా ఎంత ఆకట్టుకుందో చూసి వేసే మార్కుకు, ఆ కోత లేదు, 100లో 40 దానివే. అభిరుచి ఎక్కువగా పనిచేసేదీ అక్కడే. 1999లో బ్లూ డెవిల్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్ అనే రెండు కోర్‌లు సమానంగా నిలిచి టైటిల్ పంచుకున్నాయి, అలాంటి చోట పావు పాయింటూ ఎక్కువే. మా అబ్బాయి రెండు వేసవులు మార్చ్ చేశాడు. ఇంటికొచ్చినప్పుడు భుజాల మీద డ్రమ్ పట్టీల వాతలు ఇంకా ఎర్రగానే ఉండేవి. ఆ పిల్లల కోసమైనా జడ్జిల పాత అనుబంధాలు స్కోరు పక్కనే ప్రకటించాలి, సొంత కోర్ పోటీలో ఉన్న రోజు వాళ్లకు జనరల్ ఎఫెక్ట్ మార్కుల షీట్ ఇవ్వకూడదు.