కిడ్నాప్ నవలకి ఐదు స్టార్లు ఇస్తే కిడ్నాప్‌ని మెచ్చుకున్నట్టేనా? తెగ తిరుగుతున్న ఆ పోస్టుకి నా జవాబు

నాలుగు రోజుల నుంచి ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది, నాకే ముగ్గురు పంపించారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. కిడ్నాప్ చేసినవాడితోనే హీరోయిన్ ప్రేమలో పడే రొమాంటిక్ సస్పెన్స్ నవలలకి నాలుగైదు స్టార్లు ఇచ్చేవాళ్లు నేరాన్ని సమర్థిస్తున్నట్టే, వాళ్లకి ఉన్నది స్టాక్‌హోమ్ సిండ్రోమ్ (బందీకి తనని బంధించినవాడి మీదే ఇష్టం పుట్టడం), అది సైన్స్ తేల్చిన జబ్బు, ఇదంతా ఫోన్లలో చదవడం మొదలయ్యాక వచ్చిన పైత్యం, ఇవి చదివిన ఆడపిల్లలు రేపు అలాంటివాడి కోసమే ఎదురుచూస్తారు, ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లే బుద్ధున్నవాళ్లు.

నేను ఈ రకం నవలలు చాలా ఏళ్లుగా చదువుతున్నా, చదివాక మిగతా రీడర్స్ ఏమన్నారో వెతుక్కుని మరీ చదువుతా, ఒక్కోసారి నవల కంటే అవే బాగుంటాయి. అందుకే ఆ పోస్టు చూస్తే కోపం వచ్చింది. అది రాసినవాళ్లు స్టార్లు లెక్కపెట్టారు గానీ వాటి కింద జనం రాసుకున్నది ఒక్కటి కూడా చదవలేదు, చదివి ఉంటే ఆ మాటల్లో సగం రాసి ఉండేవాళ్లే కాదు.

స్టార్ల సంగతే ముందు చూద్దాం. స్టార్ అనేది నవలకి ఇచ్చేది, అందులో మనిషి చేసిన పనికి కాదు. హత్య ఉన్న డిటెక్టివ్ నవలకి ఐదు స్టార్లు ఇచ్చినవాడిని హంతకుడి పక్షం అని ఎవరూ అనరు కదా. సరే, రొమాన్స్‌లో ఆ నేరం చేసినవాడే హీరో, చివర్లో అతనితోనే సుఖాంతం, కాబట్టి తేడా ఉంది అంటారు, ఆ తేడా నిజమే, నేను కాదనను. కానీ ఆ తేడా గురించే రీడర్స్ పేజీలకి పేజీలు కొట్టుకుంటున్నారు, అదే ఆ పోస్టులో పూర్తిగా మాయమైపోయింది.

ఉదాహరణకి ఈ మధ్య నేను చదివిన ఒక నవల, పేరు అక్కర్లేదు, కథ చెప్తా, స్పాయిలర్ అనుకోకండి. హీరో తమ్ముడు ఒక గ్యాంగ్ చేతిలో ఉన్నాడు, కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన హీరోయిన్ని ఎత్తుకొచ్చి విచారణ అయ్యేదాకా దాచిపెట్టకపోతే తమ్ముడిని చంపేస్తాం అన్నారు. ఎత్తుకొచ్చాడు. సగం దాటాక ఒక రాత్రి కారు తాళాలు టేబుల్ మీద పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోతాడు. ఆమె వెళ్లిపోతుంది, మెయిన్ రోడ్డు దాకా వెళ్తుంది, అక్కడ ఆగి వెనక్కి వస్తుంది.

ఇప్పుడు దీని మీద జనం ఏమన్నారో చూడండి. ఐదు స్టార్లు ఇచ్చినావిడ ఒకరు, ఆమె వెనక్కి వచ్చింది అతని కోసం కాదు గ్యాంగ్ చేతిలో ఉన్న ఆ తమ్ముడి కోసం, తాళాలు ఆమె చేతికి వచ్చాకే నాకు ఇది ప్రేమకథగా కనిపించింది, అంతకుముందు వరకు నేను సస్పెన్స్ కోసమే చదివా అని రాశారు. రెండు స్టార్లు ఇచ్చిన ఇంకొకరు కూడా సరిగ్గా ఆ సీన్ గురించే రాశారు, తాళాలు ఇవ్వడం బాగానే ఉంది గానీ ముద్దు సీన్ అంతకు ఐదు చాప్టర్ల ముందే ఉంది, అప్పటికి తలుపుకి బయట గొళ్లెం ఉంది, గొళ్లెం ఉన్నంతసేపు ఆమె ఔను అన్నా అది ఔను కాదు అని. మూడో మనిషి నాలుగు స్టార్లు ఇచ్చి, అతను క్షమాపణ అడిగింది ఆమె తనని ప్రేమిస్తోందని తెలిశాక, తెలియకముందే అడిగి ఉంటే ఇంకో స్టార్ వేసేదాన్ని అన్నారు. వీళ్లు ముగ్గురూ చూస్తున్నది ఒకే చోట, తలుపు దగ్గర. ఆమె వెళ్లగలిగేదా, వెళ్లగలదని ఆమెకి తెలుసా, తెలిశాక ఏం చేసింది. స్టార్లు వేరు గానీ అడిగే ప్రశ్న ఒక్కటే, మరి ఇందులో నేరాన్ని సమర్థించడం ఎక్కడుంది?

ఇంకో సంగతి, కిడ్నాప్ నవల అనగానే అన్నీ హీరో కిడ్నాప్ చేసేవే అనుకోవడం పెద్ద పొరపాటు. విలన్ ఎత్తుకెళ్తే హీరో వెతికేవి ఉన్నాయి, గ్యాంగ్ లోపల మారువేషంలో ఉన్న పోలీసు ఆమెని కాపాడుతూ నిజం చెప్పలేక నలిగిపోయేవి ఉన్నాయి, విడిపోయిన భార్యాభర్తల బిడ్డ కిడ్నాప్ అయితే ఇద్దరూ మళ్లీ ఒక చోటికి వచ్చేవి ఉన్నాయి, నాకైతే ఈ చివరి రకం చాలా ఇష్టం, హీరోయినే హీరోని కట్టిపడేసేవి కూడా ఉన్నాయి. కావాలని క్రూరమైన హీరోని పెట్టి ముందే హెచ్చరిక పేజీ వేసి రాసే డార్క్ రొమాన్స్ అయితే పూర్తిగా వేరే గుంపు, వాటి రీడర్స్ వేరు, వాళ్ల రూల్స్ వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఇక స్టాక్‌హోమ్ సిండ్రోమ్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మాట వాడేవాళ్లలో చాలామందికి అది ఎక్కడ పుట్టిందో తెలియదు. 1973 ఆగస్టు 23న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నార్మాల్మ్‌స్టోర్గ్ అనే కూడలిలో ఉన్న బ్యాంకులోకి యాన్-ఎరిక్ ఓల్సన్ అనేవాడు తుపాకీతో వచ్చాడు, నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలుగా ఉండిపోయారు. వాళ్లలో క్రిస్టిన్ ఎన్‌మార్క్ అనే అమ్మాయి లోపల్నుంచి ఏకంగా ప్రధాని ఓలోఫ్ పాల్మేతో ఫోన్లో మాట్లాడింది, మమ్మల్ని వీళ్లతో బయటికి వెళ్లనివ్వండి, పోలీసులు దాడి చేస్తే మేం చచ్చిపోతామని నాకు భయంగా ఉంది అని బతిమాలింది. బయట పోలీసులకి సలహా ఇస్తున్న సైకియాట్రిస్ట్ నీల్స్ బేయెరొట్ దానికి ఒక పేరు పెట్టాడు, మొదట ఆ కూడలి పేరుతోనే, తర్వాత ప్రపంచమంతా స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అంది. ఆ ముద్రని ఎన్‌మార్క్ తర్వాత ఒప్పుకోలేదు. తను చేసింది ప్రాణం కాపాడుకోవడానికి చేసిన పని అనే చెప్పింది. మీరే ఆలోచించండి, తుపాకీ పట్టుకున్నవాడు ఒకవైపు, ఏ క్షణాన లోపలికి దూకుతారో తెలియని పోలీసులు ఇంకోవైపు, మధ్యలో ఉన్న మనిషి లోపలివాడితో మంచిగా ఉంటే దాన్ని పిచ్చి అనాలా తెలివి అనాలా?

సైన్స్ తేల్చిన జబ్బు అనేది కూడా తప్పే. మానసిక సమస్యల నిర్ధారణకి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసే పుస్తకం ఉంది, డీఎస్ఎం అంటారు, 2013లో ఐదో ఎడిషన్ వచ్చింది, అందులో ఈ పేరుతో జబ్బు లేదు, ముందు ఎడిషన్లలోనూ లేదు. ఆస్ట్రియాలో నటాషా కాంపుష్ విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది, 1998లో పదేళ్ల వయసులో ఎత్తుకెళ్లారు, 2006లో తనే తప్పించుకుంది, ఎనిమిదేళ్లు. ఎత్తుకెళ్లినవాడు చనిపోయాడని తెలిసి ఆమె బాధపడితే లోకమంతా ఇదే పేరు పెట్టింది, ఆమె మాత్రం ఆ పేరు వద్దంది, నాకు జరిగినదాన్ని నేను అర్థం చేసుకునే హక్కు కూడా లాగేసుకుంటున్నారు అనే అర్థంలో మాట్లాడింది. నిజంగా బందీలుగా ఉండి బతికి బయటపడ్డవాళ్లే మాకు ఆ ముద్ర వద్దు మొర్రో అంటుంటే, సోఫాలో కూర్చుని నవల చదివి స్టార్లు వేసిన మనిషికి అదే ముద్ర కొట్టడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. రీడర్ని ఎవరూ బంధించలేదు. పుస్తకం నచ్చకపోతే మూసేస్తుంది, సగంలో వదిలేసిన నవలల లిస్టులు మా అందరి దగ్గరా ఉంటాయి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఈ మాటని రీడర్స్ కూడా వాడతారు. "ఇది ప్రేమ కాదు స్టాక్‌హోమ్ సిండ్రోమ్" అని తక్కువ స్టార్లు ఇచ్చిన చోట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వాళ్లు చెప్పాలనుకున్నది కరెక్టే, రచయిత ఆమెకి స్వేచ్ఛ ఇవ్వకుండా ప్రేమ అంటగట్టారు అని, ఆ మాటే నేరుగా చెప్తే ఇంకా బలంగా ఉంటుంది, ఆ పేరు పెడితే తప్పు రచయితది కాకుండా హీరోయిన్ బుర్రది అయిపోతుంది.

ఈ మధ్య వచ్చిన పైత్యం అన్నారు, దీనికి పెద్దగా జవాబు అక్కర్లేదు గానీ ఒక రెండు మాటలు. ఎడారిలో షేక్ ఒక ఇంగ్లీషు అమ్మాయిని ఎత్తుకెళ్లే నవల 1919లో వచ్చింది, రాసింది ఒక స్త్రీ, 1921లో అప్పటి హాలీవుడ్ హీరో రుడాల్ఫ్ వాలెంటినోతో సినిమాగా వచ్చి జనం విరగబడి చూశారు. ఆ నవలలో హీరో ఆమెని బలాత్కరిస్తాడు, ఇప్పుడు అదే కథ కొత్త నవలగా వస్తే ఇవాళ్టి రీడర్స్ చీల్చి చెండాడతారు. అంటే వందేళ్లలో రీడర్స్ పాడైపోలేదు, ఇంకా గట్టిగా ప్రశ్నిస్తున్నారు.

మన దగ్గరికి వస్తే ఇంకా పాతది. పోతన భాగవతంలో రుక్మిణి కథ గుర్తు తెచ్చుకోండి, రుక్మి వైపు నుంచి, పెళ్లికొడుకు శిశుపాలుడి వైపు నుంచి చూస్తే పట్టపగలు అందరి ముందు పెళ్లికూతురిని రథం మీద ఎత్తుకెళ్లిపోవడమే కదా అది. కానీ అగ్నిద్యోతనుడితో కబురు పంపింది రుక్మిణి, గౌరీపూజకి ఊరి బయట గుడికి వస్తా అక్కడికొచ్చి తీసుకెళ్లు అని చోటు కూడా చెప్పింది ఆమే. రావణుడు సీతని ఎత్తుకెళ్లింది కూడా రథం మీదే, లంకలో ఆమె గడ్డిపరక అడ్డం పెట్టుకుని అతనితో మాట్లాడింది. ఈ రెండు కథల తేడా చెప్పడానికి ఎవరికీ చదువు అక్కర్లేదు, చిన్నప్పుడు కథ విన్న ప్రతి పిల్లకీ తెలుసు, అదే పిల్ల పెద్దయ్యాక నవల చదివేటప్పుడు ఆ తేడా మర్చిపోతుందని ఎలా అనుకుంటున్నారు?

ఆడపిల్లలు అలాంటివాడి కోసం ఎదురుచూస్తారు అన్నదానికి ఇదే సగం జవాబు. మిగతా సగం, ఊహించుకుని మాట్లాడకుండా రొమాన్స్ చదివే ఆడవాళ్లనే కూర్చోబెట్టి అడిగిన మనిషి ఉంది. జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు, అమెరికాలో ఒక పట్టణంలో రొమాన్స్ నవలలు విపరీతంగా చదివే ఆడవాళ్లతో మాట్లాడి 1984లో పుస్తకం వేసింది. రొమాన్స్‌లో అస్సలు ఉండకూడనివి ఏమిటి అని అడిగితే వాళ్లు పైన పెట్టిన వాటిలో బలాత్కారం ఉంది. ఎందుకు చదువుతారు అంటే రోజంతా ఇంట్లో అందరికీ చేసి చేసి ఆ కాసేపు తమకంటూ ఉంటుందని, ఆ టైమ్‌లో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని చెప్పుకున్నారు. ఇది ఏ కిడ్నాపర్ కోసం ఎదురుచూపు?

భయం ఉన్న కథ ఎందుకు నచ్చుతుంది అంటే నా మటుకు నాకు కారణం చాలా మామూలుది. రాత్రిపూట ఒంటరిగా నడిచేటప్పుడు వెనకాల కారు స్లో అయితే గుండె దడదడలాడుతుంది, ఆ భయానికి బయట గ్యారంటీ లేదు, నవలలో ఉంది. రొమాన్స్ అంటేనే చివర్లో సుఖాంతం ఉండాలని రూల్, అది తెలిసే చదువుతాం, భయాన్ని మన చేతిలో పట్టుకుని, కావాల్సినప్పుడు మూసేసి, మళ్లీ తెరిచి, ఆమె బతుకుతుందని తెలిసి చదువుతాం.

ఆ పోస్టులో నాకు న్యాయంగా అనిపించిన ముక్క ఒకటుంది, వయసు తక్కువ పిల్లల చేతికి ఏ హెచ్చరికా లేకుండా ఇలాంటివి వెళ్లకూడదు అన్నది. నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. ఫోన్ లాక్కోవడం, స్నేహితులతో మాట్లాడనివ్వకపోవడం, ఎక్కడికెళ్లావని నిలదీయడం, వీటిని అడుగడుగునా ప్రేమగా చూపించే నవలలు ఉన్నాయి, నేను చదివా, నాకు ఒళ్లు మండింది. అలాంటి సంబంధంలోంచి బయటపడి వచ్చిన ఒకావిడ ఒక నవల కింద, మూడో చాప్టర్‌లోనే చేతులు వణికి ఆపేశా, ముందే ఒక్క లైన్ రాసి ఉంటే కొనేదాన్నే కాదు అని రాసింది, దాని కింద నలభై మంది థాంక్స్ చెప్పారు. గమనించండి, ఆ హెచ్చరిక ఇచ్చింది పబ్లిషర్ కాదు, రచయిత కాదు, ఇంకో రీడర్. రీడర్స్ నోరు మూయిస్తే ఆ ఒక్క లైన్ కూడా ఉండదు.

ఒక్క స్టార్ వాళ్లే బుద్ధున్నవాళ్లు అన్నది అయితే చదివితే చాలు తేలిపోతుంది. ఒక్క స్టార్లలో కొన్ని నిజంగా బంగారం, కొన్ని మాత్రం డెలివరీ లేటైందని, అక్షరం చిన్నగా ఉందని, హీరోయిన్ ఎక్కువ ఎదురు తిరిగిందని ఇచ్చినవి. అవును, ఎదురు తిరిగిందని. తప్పించుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించింది, విసుగొచ్చింది అని ఒక్క స్టార్ ఇచ్చినతనిని నేను చూశా. అదే నవలకి ఇంకొకరు ఐదు స్టార్లు ఇచ్చి, ఆ మూడు ప్రయత్నాల కోసమే ఇచ్చాను, మూడోసారి కిటికీ ఊచ వంచడానికి ఆమె తడి తువ్వాలు మెలిపెట్టిన పేజీ రెండుసార్లు చదివాను అని రాశారు. ఆ పోస్టు లెక్క ప్రకారం ఇద్దరిలో నేరం పక్షం ఎవరు?

ఇక నన్ను అడిగితే, తాళాల నవలకి నేను మూడు స్టార్లు ఇచ్చా. సస్పెన్స్‌కి రెండు, ఆమె మెయిన్ రోడ్డు మీద ఆగిన ఆ నాలుగు పేజీలకి ఒకటి. మిగతా రెండూ ఇవ్వలేదు, గొళ్లెం తీయకముందే ముద్దు పెట్టినందుకు.